తుంగ పీకిన చేతులతోనే తుంగ నాటుదాం

పోయిన నెల మూడు జిల్లాల కార్యకర్తల సమావేశంలో చెరువుల మీద చర్చ జరిగింది. యాసంగికి నీళ్లు ఎంతవరకు ఆగుతాయి, ఏ ఊళ్లో తూము పని చేయడం లేదు, ఏ కాలువ పూడిపోయింది అనే మాటలు అయిపోయాక మేం ఒక కొత్త ప్రతిపాదన పెట్టాం. ఒర్రె వచ్చి చెరువులో పడే చోట, నీళ్లు నిలిచే అంచు వెంట తుంగ, జమ్ము, వట్టివేరు నాటే పనిని సంఘం తరఫున మొదలుపెడదామన్నాం. జనగామ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి లేచి, "నలభై ఏండ్ల సంది తుంగ పీకుడే నా బతుకాయె. ఇప్పుడు సంఘమోళ్లే వచ్చి తుంగ నాటుమంటున్రు. రేపు గరిక గూడ నాటుమంటరా?" అన్నాడు. హాలంతా నవ్వింది, మేమూ నవ్వాం. ఇంటికి వచ్చాక మాత్రం ఆ మాట మమ్మల్ని వదల్లేదు. ఆయన అడిగింది ఒక్కడి ప్రశ్న కాదు, కలుపు తీసి తీసి నడుము వంగిన ప్రతి రైతు ప్రశ్న. అందుకే ఈ నెల సంపాదకీయం దాని మీదే.

ముందు ఆ పెద్దమనిషి భయం తీర్చాలి. పొలంలో మనల్ని ఏడిపించే తుంగ వేరు, చెరువులో ఉండే తుంగ వేరు. పొలంలో తుంగకు భూమిలో గడ్డలుంటాయి. పైన పీకితే గడ్డ లోపలే ఉండి వారం తిరగకుండా మళ్లీ మొలుస్తుంది. చెరువు తుంగ నడుమెత్తు పెరుగుతుంది. నీళ్లలో కాళ్లు పెట్టుకుని బతికే జాతి అది. దున్నిన మెట్ట చేనులోకి వచ్చి కాపురం పెట్టదు. వెనకటికి చాపలు అల్లింది దానితోనే. జమ్ము అంటే మనిషెత్తు పెరిగి, కొసన సజ్జ కంకి లాంటి గోధుమ రంగు కండె వేసేది. ఎండాకాలంలో ఆ కండె పగిలి దూది లేచిపోతుంది. రెల్లు ఈ రెండింటికీ వేరు. దసరా ముందు వాగు ఇసుక ఒడ్డున తెల్లగా పూసేది అదే. కొల్లేరు దిక్కు వాళ్లు కిక్కిస అని ఇంకొక దాని గురించి చెబుతారు, వెదురు పిల్లలాగా కణుపులుంటాయి. ఇక వట్టివేరు గురించి చెప్పేదేముంది, ఎండాకాలం తడకలు కట్టి నీళ్లు చల్లుకునే వేరే అది. దాని వేరు పక్కకు పాకకుండా నిలువునా పది అడుగుల దాకా కూడా దిగుతుంది.

మా చిన్నతనంలో చెరువు అంటే నీళ్లు మాత్రమే కాదు. కట్ట మీద మైసమ్మ, కట్ట కింద పొలం, కట్టకు ఎదురు దిక్కున తుంగ. ఆ తుంగలోనే నీటికోళ్లు గుడ్లు పెట్టేవి. నీళ్ల మీదికి వంగిన కొమ్మలకు గిజిగాడి గూళ్లు వేలాడేవి. కొర్రమట్ట పిల్లలు ఎర్రగా గుంపుగా తిరిగేది ఆ గడ్డి నీడలోనే, తల్లి చేప కింద కావలి కాసేది. ఇప్పుడు సర్కారు ఏటా బొచ్చ, రవ్వ పిల్లలు లారీల్లో తెచ్చి చెరువులో పోస్తుంది, మంచిదే. కానీ మన రాష్ట్ర చేప అని పేరు పెట్టుకున్న కొర్రమీను గూడు కట్టుకునేది అంచున ఉండే గడ్డిలో. ఆ అంచు గీకేసి, మిరుగు నాడు మార్కెట్లో కొర్రమట్ట ధర చూసి ముక్కున వేలేసుకుంటున్నాం.

అంచు ఎందుకు పోయిందో ఎవరో వచ్చి చెప్పనక్కర్లేదు, మన కళ్ల ముందే పోయింది. 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయను మన సంఘం స్వాగతించింది. రాష్ట్రంలో 46,531 చెరువులు, కుంటలు లెక్కకట్టి పూడిక తీస్తామన్నారు. మనం సొంత ట్రాక్టర్లు పెట్టుకుని, డీజిల్ పోసుకుని ఒండ్రు మట్టి చేన్లకు తోలుకున్నాం. ఆ మట్టి పడ్డ చేనులో పత్తి ఎట్లా వచ్చిందో తోలుకున్న వాళ్లకు తెలుసు. అయితే పొక్లెయినుకు తుంగేది, తుమ్మేది తెలియదు. లోతుగా గీకినచోట అంచు గోడలాగా నిలబడింది. గోడ మీద గడ్డి మొలవదు. మళ్లీ వానకు ఒర్రె తెచ్చిన ఇసుక, మట్టి అడ్డూ ఆపూ లేకుండా నేరుగా చెరువు నడుమకు పోయింది. తీసిన పూడిక ఎన్నేళ్లు ఆగింది? కొన్ని చెరువుల్లో ఐదారేళ్లకే కాలు పెడితే మోకాలి లోతు బురద. ఖాళీ అయిన అంచును సర్కారు తుమ్మ, లొట్టపీసు పంచుకున్నాయి. పట్నం మురుగు వచ్చే చెరువులనైతే గుర్రపుడెక్క కప్పేసింది.

గడ్డి చేసే పని ఏమిటో రైతుకు ఒక్క మాటలో చెప్పొచ్చు. పొలంలో మడికి మడికి మధ్య ఒరం ఎందుకు పెడతాం? నీళ్ల పరుగు ఆపడానికి. పరుగు ఆగితే నీళ్లు మోసుకొచ్చిన మట్టి అక్కడే దిగుతుంది. ఒర్రె ముఖాన ఇరవై ముప్పై గజాల మేర తుంగ, వట్టివేరు గుబురుగా ఉంటే, అది వెయ్యి సన్న ఒరాలు పెట్టినట్టే. మట్టి అక్కడే ఆగుతుంది, రెండు మూడేళ్లకోసారి ఆ చోటు వరకు తీసుకుంటే చాలు, చెరువంతా తోడనక్కర్లేదు. గాలికి లేచే అలలు కట్టను కొట్టి కోస్తాయని మనకు తెలుసు. రాతి పేర్పు జారిపోయిన కట్టల దగ్గర, నీళ్లంచున వట్టివేరు వరుస ఆ దెబ్బను చాలావరకు కాచుకుంటుంది.

మురుగు సంగతి ఇంకొంచెం వేరు. జమ్ము, తుంగ వేళ్లకు పాకుడు లాంటి పొర పడుతుంది. ఆ పొరలో ఉండే సూక్ష్మజీవులు నీళ్లలోని కుళ్లును తింటాయి. వేళ్లు ఆ నీళ్లలోని నత్రజనిని, భాస్వరాన్ని పీల్చుకుంటాయి. జర్మనీలో కేటె జైడెల్ అనే శాస్త్రవేత్త 1950ల నుంచే నీటి గడ్డి మొక్కలతో మురుగును శుద్ధి చేయొచ్చని ప్రయోగాలు చేసి చూపింది. మనకు దగ్గర్లో పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ వాళ్లు కూడా జమ్ము, మెట్టతామర లాంటివి పెంచిన మడుల గుండా మురుగు పారించి, ఆ నీళ్లను పంటకు పెట్టి చూశారు. అంటే ఇది ఎవరో పనిలేని వాళ్ల పిచ్చి కాదు. కొత్తదీ కాదు.

హైదరాబాదులో మణికొండ పక్కన నెక్నాంపూర్ చెరువు ఉంది. చుట్టూ ఇళ్లు లేచి, మురుగు నిండి, గుర్రపుడెక్క కప్పేసిన చెరువు అది. ధ్రువాంశ్ అనే స్వచ్ఛంద సంస్థ అక్కడ పనికి దిగింది. ఉద్యోగాలు చేసుకునే వాళ్లు, చదువుకునే పిల్లలు సెలవు రోజుల్లో వచ్చి గుర్రపుడెక్క లాగారు, చెత్త ఎత్తారు. 2018 ఫిబ్రవరి 2న, ప్రపంచ చిత్తడి నేలల దినం నాడు, సుమారు 3,000 చదరపు అడుగుల తేలే మడిని ఆ నీళ్ల మీద పెట్టారు. కింద వెదుళ్లు, దాని మీద థర్మాకోల్, ఆ పైన గోనె సంచులు, అన్నిటి మీద కంకర. ఇంతే సామాను. దాని మీద వట్టివేరు, జమ్ము, మెట్టతామర లాంటివి నాటారు. మొక్క పైన, వేరు కింద నీళ్లలో. మట్టి అవసరమే లేదు.

దాన్ని మెచ్చుకుంటూనే ఒక మాట చెప్పాలి. పట్నంలో నీళ్లంచున జాగ లేదు, అందుకే మడిని తేలేటట్టు కట్టుకోవాల్సి వచ్చింది. మనకు జాగ ఇంకా ఉంది. జమ్ము దొరుకుతుంది, తుంగ దొరుకుతుంది. నాటే నేర్పు సంగతి చెప్పనే వద్దు. రెండు వేళ్ల మధ్య నారు పట్టి బురదలో దించే పని మన ఆడవాళ్ల కన్నా బాగా ఎవరికి వస్తుంది? పట్నం పిల్లలకు మొదటి నెల నేర్పించాల్సింది మన నాటేసే తల్లులకు పుట్టుకతో వచ్చినట్టే ఉంటుంది.

ఇంకో మాట కూడా. ఎగువ నుంచి మురుగు పారుతున్నంత కాలం మొక్క ఒక్కటే చెరువును కాపాడలేదు. నాలుగు మడులు పచ్చగా కనిపిస్తే ఫొటో తీసుకుని, చెరువు బాగుపడిందని చెప్పేసి, కాలువలో మురుగు యథాతథంగా వదిలే మున్సిపాలిటీలు ఉంటాయి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ ఇప్పుడు జిల్లా కేంద్రాలు. ఊరు పెరుగుతోంది, మురుగు పెరుగుతోంది, అది పల్లంలో ఉన్న చెరువుకే పోతుంది. మురుగు శుద్ధి చేసి వదలడం మున్సిపాలిటీ బాధ్యత, అది చట్టం చెప్పిన మాట. మనం నాటే తుంగ ఆ బాధ్యతకు బదులు కాదు. ఈ మాట వినతిపత్రంలో మొదటి వరుసలోనే రాయాలని మా అభిప్రాయం.

మా అనుభవం కూడా దాచుకోకుండా చెబుతాం. రెండేళ్ల కింద మా కార్యకర్తలు కొందరు ఒక చిన్న పట్నం దిగువన ఉన్న కుంటలో ఈ పని చేసి చూశారు. ఊరి పేరు వద్దు, అక్కడి పంచాయితీలు అక్కడే ఉండనీ. శ్రావణంలో మంచి ఉత్సాహం మీద ముప్పై మందిమి దిగాం. తుంగ గడ్డలు, జమ్ము మొదళ్లు మోసుకొచ్చి ఒక్క పూటలో నాటేశాం. నాలుగు రోజులకు పెద్ద వాన పడి కుంట నిండింది. కొత్తగా నాటిన మొక్క పూర్తిగా మునిగితే ఊపిరాడక చస్తుంది. వరి నాటు మునిగితే ఏమవుతుందో తెలిసిన మనమే ఆ సంగతి ఆలోచించలేదు! మిగిలిన పిలకలను బర్లు తిన్నాయి. దసరాకు వెళ్లి చూస్తే అక్కడ మేం నాటిన ఆనవాలు లేదు. ఊళ్లో వాళ్లు మమ్మల్ని చూసి మూతి పక్కకు తిప్పుకుని నవ్వారు.

మరుసటి ఏడు సంక్రాంతి అయ్యాక మళ్లీ దిగాం, పన్నెండు మందిమే. నీళ్లు వెనక్కి తగ్గుతూ, అంచు ఇంకా తడిగా ఉన్న సమయం అది. మురుగు ఒర్రె పారుతుంది కాబట్టి అక్కడ ఎండాకాలం కూడా నేల ఆరదు. మూరెడుకొకటి చొప్పున, మొదలు మీద జానెడు కాడ ఉంచి నాటాం. బర్లు రాకుండా తుమ్మ కంప అడ్డం వేశాం. వానాకాలం నీళ్లు వచ్చే నాటికి వేరు పట్టింది, కాడ మనిషి నడుము దాటింది. మునగలేదు. ఇప్పుడు ఆ ఒర్రె ముఖాన పది గజాల పచ్చ పట్టీ ఉంది. నీళ్లు తేటగా అయ్యాయని మేం అనడం లేదు, కొలిచి చూసే పరికరాలు మా దగ్గర లేవు. కానీ వాన వెలిశాక ఒర్రె తెచ్చిన ఇసుక, ప్లాస్టిక్ సంచులు, బాటిళ్లు ఆ పట్టీ దగ్గరే ఆగి కుప్ప పడుతున్నాయి. ఏరుకోవడం సులువైంది. పోయిన కార్తీకంలో నీటికోడి పిల్లలను వెంటేసుకుని అందులోంచి బయటికి వచ్చింది. ఆ పొద్దు మేం పనేమీ చేయలేదు, గట్టు మీద కూర్చుని చూశాం.

వరదల మాట ఎత్తకుండా మన జిల్లాల్లో చెరువుల గురించి మాట్లాడలేం. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి మునిగింది. ఇళ్ల కప్పుల మీద నిలబడ్డ జనాన్ని హెలికాప్టర్లు వచ్చి కాపాడాల్సి వచ్చింది. పక్కనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. రాష్ట్రం ఎన్నడూ ఎరగని వాన. 2024 ఆగస్టు 31 రాత్రి, సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో చెరువులు తెగి, ఇంటికన్నె–కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. తుంగ నాటి ఉంటే ఇవి ఆగేవని ఎవరైనా అంటే నమ్మకండి. అంత వానకు గడ్డి అడ్డం నిలబడదు. అయితే అంత వాన ప్రతి ఏడూ రాదు. ప్రతి ఏడూ వచ్చే మామూలు వానల్లో కట్ట కొంచెం కొంచెంగా కోసుకుపోవడం, చెరువు కొంచెం కొంచెంగా పూడడం, మత్తడి దారి కంపతో మూసుకుపోవడం జరుగుతుంది. పెద్ద వాన వచ్చిన నాడు ఆ పదేళ్ల బాకీ ఒక్క రాత్రిలో వసూలవుతుంది. ఆ బాకీ పెరగనివ్వకూడదన్నదే మన పని.

ఇక ఈ సంపాదకీయం రాయడానికి అసలు కారణం దగ్గరికి వస్తున్నాం. తుంగ నాటడం కన్నా కష్టమైన సంగతి ఆ తుంగ నిలబడే భూమి.

2017 సెప్టెంబరులో కేంద్రం చిత్తడి నేలల రక్షణకు కొత్త నిబంధనలు తెచ్చింది. అందులో ఏవి చిత్తడి నేలలు కావో కూడా రాశారు. నదీ మార్గాలు, వరి పొలాలు, తాగునీటి కోసం మనిషి కట్టినవి, ప్రత్యేకంగా సాగునీటి కోసం కట్టినవి లెక్కలోకి రావు. అంటే గణపతిదేవుని సోదరి మైలాంబ కట్టించిన బయ్యారం పెద్దచెరువు, భూపాలపల్లి గణపురంలోని గణపసముద్రం, ఎనిమిది వందల ఏండ్లుగా పక్షికి, చేపకు, మనిషికి ఆసరాగా ఉన్న చెరువులు ఆ కాగితం ప్రకారం చిత్తడి నేలలు కావు. మనిషి కట్టాడు కదా, వరికి నీళ్లిస్తుంది కదా, అందుకని! మరోవైపు సుప్రీంకోర్టు 2017లోనే దేశంలోని 2,01,503 చిత్తడి నేలలను కాపాడాలని చెప్పింది. 2024 డిసెంబరులో వాటిని నేల మీదికి వెళ్లి గుర్తించి హద్దులు తేల్చమని రాష్ట్రాలకు గడువు పెట్టింది. హద్దు రాళ్లు పాతే సర్వే వాళ్లు ఇవాళ కాకపోతే రేపు మన ఊళ్లకూ వస్తారు.

హద్దు తేలాలని మేమూ కోరుతున్నాం. పట్నం పక్కన శిఖంలో ప్లాట్లు చేసి అమ్మిన వాళ్లకు హద్దు రాయంటే భయం, మనకు కాదు. మా భయం వేరే. రాయి పాతేటప్పుడు మొదట దెబ్బ పడేది ఎవరి మీద? శిఖంలో ఎకరమో అరెకరమో పట్టా ఉండి, నీళ్లు తగ్గాక ఇంత పెసర, ఇంత దోస వేసుకునే వాడి మీద. ప్రహరీ కట్టుకున్న వాడు కోర్టుకు పోయి స్టే తెచ్చుకుంటాడు.

కొల్లేరులో జరిగింది చూశాం. 1999లో అయిదో కాంటూరు దాకా అభయారణ్యం అన్నారు. 2002లో అంతర్జాతీయ రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో చేపల చెరువుల గట్లు పేల్చేశారు. వందల ఎకరాల పెద్ద చెరువుల వాళ్లతో పాటు సొసైటీ పేరుతో చిన్న వాటా ఉన్న పేదలదీ పోయింది. ఆ తర్వాత మళ్లీ లేచిన చెరువులు ఎవరివని అక్కడి వాళ్లను అడగండి, చెబుతారు. కొల్లేరు బతకాలి, అందులో మాకు రెండో మాట లేదు. బతికించే పద్ధతిలో తేడా ఉంది.

తేడా ఎట్లా ఉండొచ్చో ఇంగ్లండు నుంచి ఒక ఉదాహరణ చెబుతాం. అక్కడ సఫోక్ జిల్లాలో లేకెన్‌హీత్ అనే చోట క్యారెట్లు పండించే పొలాలుండేవి. ఒకప్పుడు అది చిత్తడి నేలే, నీళ్లు తోడేసి పొలం చేసుకున్నారు. పక్షుల రక్షణ కోసం పనిచేసే ఆర్‌ఎస్‌పీబీ అనే సంస్థ 1995లో ఆ పొలాలు కొన్నది. గమనించండి, కొన్నది, గుంజుకోలేదు. తర్వాత వాలంటీర్లు ఏళ్ల తరబడి లక్షల కిక్కిస జాతి మొక్కలను చేత్తో నాటారు. నీళ్లు మళ్లీ నిలిపారు. నాలుగు వందల ఏళ్లుగా ఆ ప్రాంతంలో గూడు పెట్టని క్రేన్ కొంగలు 2007లో వచ్చి గూడు పెట్టాయి. మన దగ్గర కూడా శిఖం పట్టా ఉన్న రైతు భూమి చెరువుకు కావాలంటే లెక్క కట్టి పరిహారం ఇవ్వాలి, లేదా ఏటా కౌలు ఇచ్చినట్టు ఇవ్వాలి. తుంగ పట్టీ కోసం ఎవరి భూమి తీసుకున్నా ఊరి సభలో రాసి, సంతకాలు పెట్టించి తీసుకోవాలి. 2024లో సర్పంచుల పదవీకాలం ముగిశాక స్పెషల్ ఆఫీసర్ల పాలన నడిచింది. ఊరి సభ ఎవరు పెడతారు అని అడుగుతున్నారా? మనమే పెట్టాలి. ఎవరో వచ్చి పెట్టేదాకా చెరువు నీళ్లు ఆగవు.

స్వచ్ఛంద సేవ అనే మాటను కూడా జాగ్రత్తగా వాడాలి. మనది జనగామ గడ్డ. వెట్టికి ఎదురు తిరిగిన కడవెండి మన జిల్లాలోనే ఉంది. 1946 జూలై 4న దొడ్డి కొమురయ్య నేలకొరిగింది అక్కడే. దొర గడీకి వెట్టి చేయమని తిరగబడ్డ తాతల మనవలం, సర్కారు చేయాల్సిన పని ఉచితంగా చేసి పెట్టడానికి ఎందుకు దిగాలి? ఈ ప్రశ్న ఒక యువ కార్యకర్త వేశాడు. మంచి ప్రశ్న. మా జవాబు ఇది. మన చెరువుకు, మనం తీర్మానం చేసుకుని, మనకు తీరిన రోజున చేసే పని శ్రమదానం. పై నుంచి టార్గెట్ పెట్టి, ఫొటో పంపమని, రాని వాళ్ల పేర్లు రాసుకుంటే అది వెట్టి. మొదటి ఏడు నాటు మన చెమట. తర్వాత ఏటేటా గడ్డి కోయడం, ఆగిన మట్టి తీయడం, కంప కొట్టడం ఉపాధి హామీ పనుల్లో పెట్టించాలి, కైకిలి ఇప్పించాలి. పాత రోజుల్లో నీరటికి, చెరువు బాగోగులు చూసిన వాళ్లకు ఇనాం భూములుండేవి. ఊరికే ఎవరూ చేయలేదు, ఊరికే చేయాలని ఎవరూ అడగలేదు.

మనవైపు తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. చెరువులో గుర్రపుడెక్క పెరగడానికి పట్నం మురుగే కాదు, చెరువు పైన మనం మడులకు వేసే యూరియా, డీఏపీ కూడా కారణం. మూడు బస్తాలు పోస్తే పైరు తినేది తింటుంది, మిగిలింది వానకు చెరువులోకి దిగుతుంది. తుంగ అందులో కొంత తినేస్తుంది. అయితే ఏటా కోసి ఒడ్డుకు వేయకపోతే ఆ తిన్నదంతా కుళ్లి మళ్లీ నీళ్లలోనే కలుస్తుంది. నాటి వదిలేస్తే పని సగమే. కోసిన గడ్డిని పెంటకుప్పలో వేయొచ్చు, కూరగాయల సాళ్ల మధ్య పరవొచ్చు. అయితే మురుగు ఒర్రెలో పెరిగిన గడ్డి పశువుకు వేయకండి.

సమావేశంలో వచ్చిన మిగతా అభ్యంతరాలకు కూడా జవాబు ఇవ్వాలి. జమ్ములో అడవి పందులు చేరుతాయని మహబూబాబాద్ వైపు వాళ్లు అన్నారు. నిజం, పాఖాల అడవి పక్క ఊళ్లకు ఆ బాధ ఉంది. అందుకే ఒర్రె ముఖాన సన్న పట్టీ మాత్రమే పెట్టాలి, మాఘంలో మొదలంటా కోసేయాలి. జమ్ము చెరువంతా పాకుతుందన్నదీ నిజమే. దాని కండె పగలక ముందే కోయాలి. కోసే మనుషులు లేని ఊళ్లో జమ్ము వద్దే వద్దు, తుంగ, వట్టివేరు చాలు. తూము దగ్గర, కాలువలో, మత్తడి ముందర ఏ గడ్డీ నాటకూడదు. అక్కడ నీళ్లకు దారి వదలాల్సిందే. ముదిరాజ్, గంగపుత్ర సొసైటీల వాళ్లకు వలకు, తెప్పకు దారి కావాలి. వాళ్లను పిలవకుండా ఒక్క మొదలు కూడా నాటొద్దు, చెరువులో రోజూ ఉండేది వాళ్లే, ఏ చోట నీళ్లెంత లోతో వాళ్లకే తెలుసు. చిన్నపిల్లలను ఈ పనికి తీసుకురావొద్దు. పూడిక తీసిన గుంతలు నీళ్ల కింద కనబడవు, ప్రాణాలు పోయిన ఊళ్లున్నాయి.

యాసంగి నాట్లు అయిపోయాయి, కలుపు ఇంకా మొదలు కాలేదు. చేతులు ఖాళీగా ఉండేది ఈ పదిహేను ఇరవై రోజులే. మీ ఊరి చెరువులో ఒర్రె ఎక్కడ పడుతుందో వెళ్లి చూడండి. మార్చి నెలలో కూడా కాలు పెడితే తడి తగిలే చోటైతే ఇప్పుడే నాటొచ్చు. ఎండిపోయే చోటైతే తొలకరి దాకా ఆగండి, అదీ వట్టివేరు మాత్రమే, చెరువు నిండకముందు నెల రోజులు వేరు పట్టే వ్యవధి ఉండేటట్టు చూసుకోండి. మొదళ్లు ఎక్కడ దొరుకుతాయని వెతకనక్కర్లేదు. మా కుంటలో పట్టీ ఈసారి చిక్కగా పెరిగింది, ఎలాగూ పలచన చేయాలి. మండల కమిటీ ద్వారా రెండు రోజుల ముందు కబురు చేస్తే తుంగ మొదళ్లు తవ్వి పెడతాం. తడి గోనె సంచుల్లో మూటకట్టి, తవ్విన మర్నాటికల్లా నాటాలి. సంచులు మాత్రం మీరే తెచ్చుకోండి, పోయినసారి మా వడ్ల సంచులన్నీ వాటికే పోయాయి.